ఐసీఎంఆర్ ప్రాజెక్టు ఉద్యోగాలు: శ్రీకాకుళం, విజయనగరం అభ్యర్థులు ప్రకటన రాకముందే సిద్ధం చేసుకోవాల్సినవి

భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, దాని సంస్థలు ప్రాజెక్టు పోస్టులకు ఇచ్చే ప్రకటనలకు గడువు చాలా తక్కువ. పది పదిహేను రోజుల్లో దరఖాస్తు పంపాలి, లేదా ఫలానా తేదీన నేరుగా ఇంటర్వ్యూకి రావాలి. ఆ పది రోజుల్లో అనుభవ పత్రం కోసం పాత ల్యాబ్ చుట్టూ, ఓబీసీ సర్టిఫికెట్ కోసం సచివాలయం చుట్టూ తిరగడం మొదలుపెడితే పని కాదు. మన జిల్లాల నుంచి వెళ్ళే దరఖాస్తుల్లో చాలావాటికి ఇంటర్వ్యూ దాకా వెళ్ళే అవకాశమే రాదు, కాగితాల పరిశీలనలోనే పక్కన పడతాయి. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం కాగితాల గురించే ఉంటుంది.

ముందు ఏ సంస్థను చూడాలో తేల్చుకోండి. ఐసీఎంఆర్ ప్రధాన కార్యాలయం ఢిల్లీ అన్సారీ నగర్‌లో ఉంది. 1911లో ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్‌గా మొదలై 1949లో ఈ పేరు తెచ్చుకుంది. మనకు పనికొచ్చేవి దాని కింద ఉన్న సంస్థలు. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్), భువనేశ్వర్ చంద్రశేఖర్‌పూర్‌లో ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం (ఆర్‌ఎంఆర్‌సీ), చెన్నైలో క్షయ పరిశోధన సంస్థ (ఎన్‌ఐఆర్‌టీ), అంటువ్యాధుల అధ్యయన సంస్థ (ఎన్‌ఐఈ) ఉన్నాయి. అందరూ హైదరాబాద్ వైపే చూస్తారు గానీ ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వాళ్ళకు భువనేశ్వరే దగ్గర. కవిటి, మందస, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడేవాళ్ళు ఎంతోమంది. ఫీల్డ్ పని ఉన్న పోస్టుకి ఆ రెండో భాష మంచి అర్హత. బయోడేటాలో ‘తెలిసిన భాషలు’ దగ్గర ఒడియా రాయడం మాత్రం చాలామంది మరిచిపోతారు. సవర మాట్లాడగలిగితే అదీ రాయండి.

ఇంకో దారి కూడా ఉంది. ఐసీఎంఆర్ డబ్బుతో నడిచే ప్రాజెక్టులన్నీ ఐసీఎంఆర్ సంస్థల్లోనే జరగవు. మెడికల్ కాలేజీల్లో ఒక ప్రొఫెసర్ ప్రధాన పరిశోధకుడిగా, అంటే పీఐగా, ప్రాజెక్టు తెచ్చుకుంటారు. ఆ పోస్టుల ప్రకటన ఢిల్లీ వెబ్‌సైట్‌లో కనిపించకపోవచ్చు. కాలేజీ నోటీసు బోర్డు మీదో, కాలేజీ వెబ్‌సైట్‌లోనో, జిల్లా వెబ్‌సైట్ నోటిఫికేషన్లలోనో వస్తుంది. శ్రీకాకుళం రిమ్స్, విజయనగరంలో 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల, నెల్లిమర్ల మిమ్స్, రాగోలు జెమ్స్, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీ సైట్లను ఐసీఎంఆర్ కెరీర్స్ పేజీతో పాటు వారానికి ఒకసారి చూసే అలవాటు చేసుకోండి. వాట్సాప్ గ్రూపులో వచ్చేసరికి ఆ ప్రకటనకు సగం గడువు అయిపోయి ఉంటుంది.

ఏ పోస్టు మీది

ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే పేర్లు ప్రాజెక్ట్ టెక్నికల్ సపోర్ట్ 1, 2, 3, ఆపైన ప్రాజెక్ట్ రీసెర్చ్ సైంటిస్ట్ 1, 2, 3. సైంటిస్ట్ పోస్టులో మెడికల్ (ఎంబీబీఎస్ తదితరులు), నాన్ మెడికల్ అని రెండు రకాలున్నాయి. వీటితో పాటు ప్రాజెక్ట్ నర్సు, డేటా ఎంట్రీ పోస్టులూ పడుతుంటాయి.

టెక్నికల్ సపోర్ట్ 1కి పదో తరగతి, డిప్లొమా (ఎంఎల్‌టీ అంటే మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ, డీఎంఎల్‌టీ, ఐటీఐ లాంటివి), సంబంధిత పనిలో 2 ఏళ్ళ అనుభవం అడుగుతారు. నెలకు 18,000 రూపాయలు, దానిపైన ఇంటి అద్దె భత్యం. వయసు 28 దాటకూడదు. సపోర్ట్ 2కి సైన్సుతో ఇంటర్, డిప్లొమా, 5 ఏళ్ళ అనుభవం కావాలి. జీతం 20,000, వయసు 30. సపోర్ట్ 3కి మూడేళ్ళ డిగ్రీతో పాటు డిగ్రీ అయ్యాక 3 ఏళ్ళ అనుభవం, లేదా సంబంధిత సబ్జెక్టులో పీజీ ఉండాలి. జీతం 28,000, వయసు 35. నాన్ మెడికల్ రీసెర్చ్ సైంటిస్ట్ 1కి ఫస్ట్ క్లాస్ పీజీ, లేదా సెకండ్ క్లాస్ పీజీతో పాటు పీహెచ్‌డీ. జీతం 56,000, వయసు 35. మెడికల్ అయితే 67,000.

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, న్యూట్రిషన్, ఎం.ఎస్.డబ్ల్యూ. చేసినవాళ్ళు ‘అనుభవం లేదు కదా’ అని సపోర్ట్ 3ని వదిలేస్తుంటారు. ‘3 ఏళ్ళ అనుభవం లేదా పీజీ’ అన్న వాక్యంలో ‘లేదా’ మీవంటి వాళ్ళ కోసమే. అదే పీజీ ఫస్ట్ క్లాస్ అయితే సైంటిస్ట్ 1కి కూడా పెట్టండి. రెండు పోస్టులకు వేరువేరు దరఖాస్తులు పంపాలి. ఒకే మెయిల్‌లో రెండూ రాస్తే రెండూ పక్కన పెట్టే ప్రమాదం ఉంది.

‘సంబంధిత సబ్జెక్టు’ అన్న మాట దగ్గర ఆగండి. ఏది సంబంధితమో ఆ ప్రకటనలోనే ఉంటుంది, ఊహించుకోవద్దు. లైఫ్ సైన్సెస్ అని ఉంటే బీజెడ్‌సీ (వృక్ష, జంతు, రసాయన శాస్త్రాల) డిగ్రీ సాధారణంగా సరిపోతుంది. బీఎస్సీ ఎంఎల్‌టీ అని మాత్రమే ఉంటే బీజెడ్‌సీ సరిపోదు. ఇంటర్ వొకేషనల్‌లో ఎంఎల్‌టీ చదివినవాళ్ళకు ఒక చిక్కుంది. ‘సైన్సుతో ఇంటర్’ అడిగిన చోట బ్రిడ్జి కోర్సు (వొకేషనల్ వాళ్ళు సైన్సు సబ్జెక్టుల కోసం అదనంగా రాసేది) రాసిన మెమో లేకపోతే పరిశీలనలో ప్రశ్న లేవవచ్చు. బ్రిడ్జి కోర్సు మెమో ఉంటే ఇంటర్ మెమోతో కలిపే స్కాన్ చేసి పెట్టండి.

జీతం లెక్క కూడా ముందే వేసుకోండి. అద్దె భత్యం పోస్టింగ్ ఊరిని బట్టి మారుతుంది. కేంద్ర ప్రభుత్వ రేట్లు 2024 జనవరి నుంచి ఎక్స్ రకం (పెద్ద) నగరాలకు 30 శాతం, వై రకం (మధ్యస్థ) నగరాలకు 20, జెడ్ రకం (మిగతా) ఊళ్ళకు 10. హైదరాబాద్ ఎక్స్, విశాఖ, భువనేశ్వర్ వై, మన రెండు పట్టణాలూ జెడ్. అంటే సపోర్ట్ 3కి ఈ రేట్ల ప్రకారం హైదరాబాద్‌లో 36,400, భువనేశ్వర్‌లో 33,600, శ్రీకాకుళంలో 30,800. ప్రకటనలో వేరే శాతం రాసి ఉంటే దానిదే లెక్క. తార్నాక చుట్టుపక్కల గది అద్దె, తిండి తీసేస్తే ఇంటి నుంచి వెళ్ళి వచ్చే 30,800 ఉద్యోగమే చేతికి ఎక్కువ మిగులుస్తుంది. పోస్టింగ్ చోటు ప్రకటన మొదట్లో ఒక్క ముక్కలో ఉంటుంది, వెతికి చూడండి.

ఇవి ఒప్పందపు ఉద్యోగాలు. మొదట ఆరు నెలలకో ఏడాదికో తీసుకుంటారు, పని తీరునూ నిధులనూ బట్టి పొడిగిస్తారు. పర్మనెంట్ చేయమని అడిగే హక్కు ఉండదని ప్రకటనలోనే రాస్తారు. పర్మనెంట్ పోస్టులు వేరు. ల్యాబొరేటరీ అటెండెంట్ 1 (పే లెవెల్ 1, మూల వేతనం 18,000), టెక్నీషియన్ 1 (లెవెల్ 2, 19,900), టెక్నికల్ అసిస్టెంట్ (లెవెల్ 6, 35,400) అనే పేర్లతో వస్తాయి. వాటికి ఫీజు, రాత పరీక్ష ఉంటాయి. రెండింటినీ కలిపి ‘ఐసీఎంఆర్‌లో భారీ ఉద్యోగాలు’ అని రాసే యూట్యూబ్ శీర్షికలు నమ్మకండి.

వయసు

వయసు ఏ తేదీకి లెక్కిస్తారో చూడండి. ప్రకటనను బట్టి అది దరఖాస్తు గడువు తేదీ కావచ్చు, ఇంటర్వ్యూ తేదీ కావచ్చు. 14-8-1990న పుట్టిన వ్యక్తి 2025 ఆగస్టు 10 గడువుకి 34 ఏళ్ళవాడే. అదే లెక్క ఆగస్టు 20న జరిగే వాకిన్‌కి, అంటే నేరుగా హాజరయ్యే ఇంటర్వ్యూకి, చూస్తే 35 దాటి ఆరు రోజులు అవుతుంది, ఇక తీసుకోరు. ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్ళు, ఓబీసీలకు 3 ఏళ్ళు సడలింపు మామూలే. కానీ ‘రిజర్వు చేసిన పోస్టులకు మాత్రమే’ అని చాలా ప్రకటనల్లో ఒక వాక్యం ఉంటుంది. అన్‌రిజర్వుడు పోస్టు ఒక్కటే ఉన్నప్పుడు సడలింపు లెక్కేసుకుని హైదరాబాద్ రైలెక్కితే ఖర్చు తప్ప ఏమీ మిగలదు.

అసలు చిక్కు కాగితాల్లో

మొదటిది కులధ్రువీకరణ. సచివాలయంలో ఇచ్చే మామూలు బీసీ సర్టిఫికెట్ (బీసీ ఏ, బీ, డీ అని ఉండేది) కేంద్ర ఉద్యోగానికి చెల్లదు. ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న వర్గం కిందికి రారని చెప్పే) సర్టిఫికెట్ విడిగా కావాలి, అది కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండాలి. సచివాలయంలో అడిగేటప్పుడు ‘సెంట్రల్ ఓబీసీ’ అని స్పష్టంగా చెప్పండి. ‘బీసీ సర్టిఫికెట్’ అంటే బీసీదే వస్తుంది, వారం పోతుంది. ఇంకో మాట. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన ఆ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉంటుందని అనుకోవద్దు. ఉత్తరాంధ్రలో ఈ తేడా ఎదుర్కొనే కుటుంబాలు ఉన్నాయి. జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్‌లో ఆంధ్రప్రదేశ్ జాబితా తీసి మీ కులం పేరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో చూసుకోండి. లేకపోతే జనరల్‌గా, లేదా అర్హత ఉంటే ఈడబ్ల్యూఎస్‌గా (ఆర్థికంగా బలహీన వర్గం) పెట్టుకోవాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆర్థిక సంవత్సరానికే. మార్చిలో తీసుకున్నది మే నెల ఇంటర్వ్యూకి పాతదైపోతుంది.

క్రీమీలేయర్‌కి ఏడాది ఆదాయం 8 లక్షలన్న పరిమితి లెక్కలో తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. ఈడబ్ల్యూఎస్ 8 లక్షల్లో మాత్రం అన్నీ కలుస్తాయి. కొబ్బరితోట, జీడితోట ఉన్న ఇళ్ళలో ఈ రెండు లెక్కలనూ కలగాపులగం చేసేస్తారు. తనకు రాదనుకుని అసలు అడగనివాళ్ళు కూడా ఉన్నారు.

రెండోది అనుభవ పత్రం. ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. ‘మా ల్యాబ్‌లో మూడేళ్ళు పనిచేశారు, నడవడిక మంచిది’ అన్న కాగితం చాలదు. అందులో చేరిన తేదీ, మానిన తేదీ (లేదా ‘ఇప్పటిదాకా’), హోదా, పూర్తికాలమా కాదా, ఏ పని చేశారు, ఇచ్చినవారి పేరు, హోదా, సంతకం, ముద్ర, తేదీ ఉండాలి. పని రాసే వాక్యం ప్రకటనలో అడిగిన పనికి దగ్గరగా ఉండాలి. ‘రక్త నమూనాల సేకరణ, బయోకెమిస్ట్రీ ఎనలైజర్ మీద పరీక్షలు, రిజిస్టర్ నిర్వహణ’ అంటే పరిశీలించేవాళ్ళకు అర్థమవుతుంది, ‘ల్యాబ్ పని’ అంటే అర్థం కాదు. అర్హత వచ్చాకే అనుభవం లెక్క మొదలవుతుంది. 2022 జూన్‌లో డిగ్రీ ఫలితం వస్తే, అంతకుముందు ఏడాది అదే ల్యాబ్‌లో చేసిన పనిని ‘డిగ్రీ అయ్యాక 3 ఏళ్ళు’లో కలపరు. చదువులో భాగమైన ఇంటర్న్‌షిప్పూ అంతే. చిన్న ల్యాబులు జీతం చేతికిస్తాయి కాబట్టి బ్యాంకు ఆధారం ఉండదు. ఆఫర్ లెటరో, అపాయింట్‌మెంట్ కాగితమో ఉంటే దాన్నీ జత చేయండి. ఏ ఉద్యోగం మానినా, మానే రోజునే ఈ పత్రం తీసుకోండి. ఏడాది తర్వాత వెళ్తే ఆ ల్యాబ్ మూతపడి ఉండవచ్చు.

మూడోది పేరు. పదో తరగతి మెమోలో ‘బొడ్డేపల్లి’ పూర్తిగా ఉండి, ఆధార్‌లో ‘బి.’ అని ఉండటం, డిగ్రీలో ఇంటిపేరు చివరికి పోవడం మన దగ్గర మామూలే. పెళ్ళయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మార్చుకున్నవాళ్ళకు ఇది ఇంకా ఎక్కువ. దరఖాస్తులో పదో తరగతి మెమోలో ఉన్న పేరే రాయండి, ఆధార్‌ను దానికి తగ్గట్టు ముందే సరిచేయించండి. సమయం చాలకపోతే రెండు పేర్లూ ఒకరివే అని నోటరీ అఫిడవిట్ వెంట పెట్టుకోండి.

మార్కుల జాబితాలో సీజీపీఏ ఉంటే శాతంలోకి మార్చే సూత్రం యూనివర్సిటీదే వాడాలి. ఆ సూత్రం మెమో వెనక ముద్రించి ఉంటే వెనక వైపు కూడా స్కాన్ చేయాలి. వెనక పేజీ లేక ఫస్ట్ క్లాస్ తేలక సైంటిస్ట్ పోస్టు పోవడం చాలా చిన్న తప్పు, చాలా పెద్ద నష్టం. ఎంఎల్‌టీ వాళ్ళకు పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్, నర్సులకు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు దాటిపోయిందో లేదో చూసుకోండి.

దరఖాస్తు పంపేటప్పుడు

ప్రకటన చివర ఇచ్చిన నమూనానే నింపాలి. అందమైన రెజ్యూమే దానికి బదులు కాదు, వెనక జత చేసుకోవచ్చు. నమూనా, పదో తరగతి, ఇంటర్, డిగ్రీ, పీజీ, అనుభవం, కులం, గుర్తింపు కార్డు, ఈ వరుసలో అన్నీ ఒకే పీడీఎఫ్‌గా చేయండి. ప్రతి పేజీ మీద సంతకం, తేదీ వేయాలి. గెజిటెడ్ ఆఫీసర్ సంతకం అక్కర్లేదు, స్వీయ ధ్రువీకరణ చాలు. నెట్ సెంటర్లో ఫోనుతో తీసిన ఫొటోలను పీడీఎఫ్ చేస్తే సైజు 20 ఎంబీ దాటి మెయిల్ వెనక్కి వస్తుంది. 150 నుంచి 200 డీపీఐ దగ్గర నలుపు తెలుపులో స్కాన్ చేయమని అడగండి, అక్షరాలు చదవగలిగేలా ఉండి సైజు తగ్గుతుంది. మెయిల్ సబ్జెక్టులో పోస్టు పేరు, ప్రకటన సంఖ్య, మీ పేరు రాయాలి. గడువు రోజు సాయంత్రం దాకా ఆగకండి, కరెంటు మీ చేతిలో లేదు.

దరఖాస్తు మెయిల్ ఐడీ జీమెయిల్ అయినంత మాత్రాన అది నకిలీ ప్రకటన కాదు. ప్రాజెక్టు బృందాలు అలా వాడటం ఉంది. అదే పీడీఎఫ్ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో ఉందా లేదా అన్నదే పరీక్ష. ప్రాజెక్టు పోస్టులకు సాధారణంగా ఫీజు ఉండదు. ‘కన్ఫర్మేషన్ చార్జీ’, ‘యూనిఫాం డిపాజిట్’ అని ఎవరైనా ఫోన్‌పే చేయమంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి.

వాకిన్‌కి వెళ్ళేటప్పుడు

రానుపోను ఖర్చులు ఇవ్వరు. రిపోర్టింగ్ టైము ఉదయం తొమ్మిదికో పదికో ఉంటుంది, దాటితే గేటు దగ్గరే ఆపేస్తారు. విజయనగరం, ఆమదాలవలస (శ్రీకాకుళం రోడ్) మీదుగా ఫలక్‌నుమా, విశాఖ, కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లు సికింద్రాబాద్ వైపు పోతాయి గానీ రాత్రి బండి ఎక్కి నేరుగా ఇంటర్వ్యూకి వెళ్ళాలన్న ఆలోచన మంచిది కాదు. ఒకరోజు ముందే చేరండి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని బళ్ళను అటు మార్చారు, టికెట్ మీద దిగే స్టేషను చూసుకోండి. సికింద్రాబాద్‌లో దిగితే మెట్రోలో సికింద్రాబాద్ ఈస్ట్ నుంచి నాగోల్ వైపు రెండో స్టేషనే తార్నాక.

ఒరిజినల్స్, ఒక సెట్ జెరాక్సులు, నాలుగు ఫొటోలు, నింపిన నమూనా పట్టుకెళ్ళాలి. జనం ఎక్కువైతే అక్కడికక్కడే రాత పరీక్ష పెట్టి వడపోస్తారు. డేటా ఎంట్రీ పోస్టుకి గంటకు 8,000 కీ డిప్రెషన్లు (కీ నొక్కడాలు) అడిగితే భయపడక్కర్లేదు, నిమిషానికి 27 ఇంగ్లీషు పదాల వేగం అది. తప్పులు లేకుండా ఆ వేగం రావడమే కష్టం, రోజూ అరగంట సాధన చేయండి.

ఇంటర్వ్యూలో సిద్ధాంతం కంటే పని అడుగుతారు. ల్యాబ్ పోస్టయితే రక్తం తీసే గొట్టాల్లో ఏ రంగు మూతది ఎందుకు అన్నది తప్పకుండా వస్తుంది. లేత ఊదా మూత గొట్టంలో ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం) ఉంటుంది, హీమోగ్లోబిన్‌కి వాడతారు. బూడిద రంగులో ఫ్లోరైడ్, గ్లూకోజ్‌కి. సీరం కావాలంటే ఎరుపు లేదా పసుపు. రక్తం తీసే వరుసలో ఈడీటీఏ గొట్టం సీరం గొట్టం తర్వాతే ఎందుకు అంటే, ముందు తీస్తే అందులోని పొటాషియం లవణం సీరంలో కలిసి పొటాషియం విలువ పెరుగుతుంది, కాల్షియం తగ్గుతుంది. రక్తం గడ్డకట్టడానికి అరగంట ఆగకుండా సెంట్రిఫ్యూజ్ చేస్తే సీరంలో ఫైబ్రిన్ తీగలు వచ్చి ఎనలైజర్ మొరాయిస్తుంది. వ్యర్థాలు ఎందులో వేయాలన్నదీ గుర్తుంచుకోండి: వాడిన సూది తెల్లని పారదర్శక డబ్బాలోకి, గ్లవ్స్, ప్లాస్టిక్ గొట్టాలు ఎర్ర సంచిలోకి, గాజు సీసాలు నీలం డబ్బాలోకి, రక్తమంటిన దూది పసుపు సంచిలోకి.

ఫీల్డ్ పోస్టయితే సమ్మతి పత్రం మీద తప్పక అడుగుతారు. ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలు ఒకసారి చదవండి. చదువురాని వ్యక్తి వేలిముద్ర వేస్తే పక్కన నిష్పక్షపాత సాక్షి సంతకం ఉండాలి. ఆ సాక్షి ప్రాజెక్టు మనిషి కాకూడదు. 7 నుంచి 12 ఏళ్ళ పిల్లల దగ్గర మాటతో, 12 నుంచి 18 మధ్య వాళ్ళ దగ్గర రాతలో అంగీకారం తీసుకోవాలి. దానికి తోడు తల్లిదండ్రుల సమ్మతి ఉండనే ఉంది.

శ్రీకాకుళం నుంచి వచ్చానంటే ఉద్దానం కిడ్నీ జబ్బు మాట రావచ్చు. ‘నీళ్ళ వల్లేనండీ’ అని తేల్చేయకండి. కారణం ఇప్పటికీ నిర్ధారణ కాలేదు, అందుకే దాన్ని ‘కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి’ అంటారు. దీర్ఘకాలికం అనడానికి ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీల వడపోత వేగం అంచనా) 60 కన్నా తక్కువగా, లేదా మూత్రంలో ఆల్బుమిన్ లాంటి దెబ్బతిన్న గుర్తు, కనీసం మూడు నెలలు ఉండాలి. ఒక్కసారి క్రియాటినిన్ చూసి చెప్పేది కాదు. ఆ ‘మూడు నెలలు’ చెప్పినవాడికి, చెప్పనివాడికి తేడా బోర్డుకు వెంటనే తెలుస్తుంది.

ఎన్‌ఐఎన్ పోస్టులకు 24 గంటల ఆహార వివరాల సేకరణ ఎలా చేస్తారో తెలిసి ఉండాలి. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి తిన్నవన్నీ, ఏ గిన్నెతో ఎంత, వండక ముందు బరువెంత అని అడగాలి. మన పల్లెల్లో రాగిని చోడి అంటారు. ఫారంలో ‘రాగి’ చదివి వినిపిస్తే ‘తినం బాబూ’ అనే ముసలమ్మ పొద్దున్నే చోడి అంబలి తాగి ఉంటుంది. ఇలాంటి ఉదాహరణ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి, మీరు ఫీల్డ్ మనిషి అని పది పుస్తకాల కంటే బాగా అదే చెబుతుంది. తూకానికి ముందు యంత్రం సున్నా దగ్గర ఉందో లేదో చూడటం, బీపీ తీసేముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టడం, పిల్లల దండచేయి (మోచేతికి పైభాగం) చుట్టుకొలత ఎడమచేతికి తీయడం, 6 నుంచి 59 నెలల పిల్లల్లో అది 11.5 సెంటీమీటర్లకు తక్కువైతే తీవ్ర పోషకాహార లోపం అనడం కూడా చూసుకోండి.

ఎంపికైతే చేరే ముందు ఒప్పందంలో మూడు చూడండి: గడువు ఎప్పటిదాకా, నోటీసు ఎన్ని రోజులు, ఫీల్డ్ ప్రయాణ ఖర్చులు ఎవరివి. సొంత బండి మీద ఊళ్ళు తిరిగే పని అయితే చివరిది జీతమంత ముఖ్యం. కొత్త ఆర్థిక సంవత్సరంలో గ్రాంటు ఆలస్యమైతే జీతమూ ఆలస్యమవుతుంది, రెండు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి. ప్రాజెక్టు ముగిసే నెలలోనే పీఐ దగ్గర పూర్తి వివరాలతో అనుభవ పత్రం రాయించుకోండి. ఆయన బదిలీ అయిపోతే ఫైలు ఎవరి బీరువాలో ఉందో చెప్పేవాళ్ళు ఉండరు.